బెంచీ మీద గడిచిన ఏడాది

వేదిక మీది పెద్దలకు, సంఘం కార్యవర్గానికి, రెండు రోజులుగా పిల్లలను తెల్లవారుజామునే లేపి ఇక్కడికి చేర్చిన తల్లిదండ్రులకు, ఇళ్లలో పులిహోర, గారెలు వండి తెచ్చిన అక్కచెల్లెళ్లకు, ఈ జిమ్ మనకిచ్చిన బడివారికి, రిఫరీలకు నమస్కారం. రిఫరీలకు మరోసారి నమస్కారం. నిన్న బాస్కెట్‌బాల్ సెమీఫైనల్లో వారి మీద పడిన కేకలన్నీ నేను విన్నాను. పిల్లలు అరవలేదు, పెద్దలే అరిచారు.

క్రీడాస్ఫూర్తి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. కాగితం కూడా రాసుకొచ్చాను. అది జేబులోనే ఉంటుంది. ఎందుకో చెబుతాను.

ఈ ఉదయం ఉత్తమ కొత్త ఆటగాడి కప్పు దగ్గర కమిటీలో పేచీ వచ్చింది. ఇద్దరు పిల్లల పేర్లు మిగిలాయి. వారిలో ఒకడు నిరుడే జట్టులో చేరాడు. పోటీలకు వారం ముందు మణికట్టు విరిగి ఒక్క ఆట కూడా ఆడలేదు. “నిరుడే చేరినవాడు ఈ ఏడు కొత్తవాడెలా అవుతాడు?” అని కొందరు. “ఆడనివాడు పాతవాడెలా అవుతాడు?” అని మరికొందరు. చివరికి నా ప్రసంగం అయ్యాక నన్నే తేల్చి ఇమ్మన్నారు. చిన్నపిల్లల కప్పుకు ఇంత చర్చ ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. అయ్యా, పెద్దలు ఇలాంటివి మరచిపోతారు, పిల్లలు మరచిపోరు. నేను నలభై ఏళ్లయినా మరచిపోలేదు. ఆ సంగతికి వస్తాను.

ఫిలడెల్ఫియా పక్కన ఉంటూ ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2018 గుర్తుందా? అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఉత్తమ రూకీ, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు, ఎవరన్న దానిమీద ఇదే పేచీ వచ్చింది. ఆ ఏడాది మన ఫిలడెల్ఫియా జట్టు సెవెంటీసిక్సర్స్ ఆటలు చూసినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు.

జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో, 2016లో, బెన్ సిమన్స్‌ను మనవాళ్లు అందరికంటే ముందు తీసుకున్నారు. ఆ సెప్టెంబరులోనే, సీజన్ మొదలు కాకముందే, సాధనలో కుడిపాదం ఎముక విరిగింది. ఏడాదంతా బెంచీయే. 2017లో దిగి 81 ఆటలు ఆడాడు. సగటున ఆటకు 15.8 పాయింట్లు, గురి తప్పిన బంతిని అందుకునే రీబౌండ్లు 8.1, తోటివాడు బుట్టలో వేసేలా బంతి అందించే అసిస్టులు 8.2. ముందటేడు 28 గెలిచిన జట్టు ఆ ఏడాది 52 గెలిచింది.

అటు యూటా జాజ్ జట్టులో డోనోవన్ మిచెల్. 2017 డ్రాఫ్టులో పదమూడోవాడు. డెన్వర్ జట్టు ఎంపిక చేసి ఆ రాత్రే యూటాకు ఇచ్చేసింది. కొన్నాళ్లకే యూటా పెద్ద ఆటగాడు గోర్డన్ హేవర్డ్ బోస్టన్‌కు వెళ్లిపోయాడు. ఆ ఖాళీలో నిలబడి ఈ కుర్రవాడు ఆటకు 20.5 పాయింట్లు చేశాడు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు, అంటే త్రీ పాయింటర్లు, 187 వేశాడు, అప్పటికి ఏ రూకీ అన్ని వేయలేదు. జనవరిలో 19 గెలుపులు, 28 ఓటములతో ఉన్న జట్టు చివరికి 48 గెలిచింది. మా ఇంట్లో మా అమ్మాయి మిచెల్ పక్షం. అన్నం దగ్గర మొదలైన వాదన అంట్లు తోమేదాకా సాగేది.

ఏప్రిల్‌లో మిచెల్ ఒక హుడీ వేసుకొచ్చాడు. దాని మీద నిఘంటువులోలా రూకీ అన్న మాటకు అర్థం అచ్చు వేసి ఉంది: వృత్తి క్రీడాజట్టు సభ్యుడిగా మొదటి సీజన్ ఆడుతున్న ఆటగాడు అని. సిమన్స్ కొత్తవాడు కాడని దాని భావం. తన వాదన అదొక్కటే అయితే నాకు దిగులు లేదన్నట్టు సిమన్స్ బదులిచ్చాడు. మిగతా రూకీలలో ఎవరి ఆట నచ్చిందని అడిగితే ఎవరిదీ లేదన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

అయినా హుడీ మీది వాక్యం మళ్లీ చదవండి. “ఆడుతున్న” అని ఉంది. జీతం తీసుకుంటున్న అని లేదు, జట్టుతో తిరుగుతున్న అని లేదు. ఆడుతున్న!

మా అమ్మాయి వాదనలోనూ బలం ఉంది. ఆ ఏడాదంతా సిమన్స్‌కు కోచ్‌లు ఉన్నారు, వైద్యులు ఉన్నారు, ఆ స్థాయి ఆటను రోజూ దగ్గర నుంచి చూశాడు. అదంతా చదువే కదా అనేది. చదువే. కాదనను. కానీ చదువును లెక్కలోకి తీసుకుంటే ఎక్కడ ఆపుతాం? సరిగ్గా ఆ మరుసటి ఏడాదే లూకా డోంచిచ్ వచ్చాడు. పదహారేళ్లకే స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ పెద్దల జట్టుకు ఆడినవాడు. 2018లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ గెలిచి, ఆ లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడు అనిపించుకుని వచ్చినవాడు. హుడీ మీది అర్థం ప్రకారం అతను రూకీయే కాడు. 2019లో ఉత్తమ రూకీ అతనే! అప్పుడు ఎవరూ హుడీ వేసుకోలేదు. ఒక ఖండంలో ఎన్నో ఆటలు ఆడి వచ్చినవాడు కొత్తవాడట, ఒక్క నిమిషం ఆడకుండా కాలికి కట్టుతో కూర్చున్నవాడు పాతవాడట. ఇది న్యాయమా? మీరే చెప్పండి.

ఇదేమీ కొత్త ఆచారం కాదు. డేవిడ్ రాబిన్సన్‌ను శాన్ ఆంటోనియో 1987లో తీసుకుంది. నౌకాదళంలో రెండేళ్లు పనిచేసి 1989లో దిగాడు, ఒక్క ఓటు కూడా పోకుండా ఉత్తమ రూకీ అయ్యాడు. బ్లేక్ గ్రిఫిన్ 2009లో మోకాలిచిప్ప దెబ్బతో ఏడాది పోగొట్టుకుని, మరుసటేడు అలాగే ఏకగ్రీవంగా గెలిచాడు.

ఇక నా సంగతి. 1984లో కాలేజీ జట్టుకు ఎంపికయ్యాను. మాది సిమెంటు కోర్టు. మూలన ఒకచోట పెచ్చు లేచి గులకరాళ్లు బయటపడి ఉండేవి. మొదటి పోటీకి మూడు రోజుల ముందు అక్కడే చీలమండ విరిగింది. ఆ ఏడాది జట్టు ఆడిన ప్రతి ఆటకూ స్కోరు పుస్తకం రాసింది నేనే. పేర్లన్నీ నా చేతిరాతతోనే రాసేవాణ్ణి. చివర నా పేరు, దాని ఎదురుగా ఖాళీ గడి. తర్వాతి ఏడాది ఆడాను, బాగా ఆడాను. కొత్త ఆటగాడి కప్పు నాదేనని జట్టంతా అనుకుంది. పేరు చదివే రోజున ఒక పెద్దమనిషి గోడ మీది గ్రూప్ ఫోటో తీయించి బల్ల మీద పెట్టాడు. ముందు వరసలో ఆ కొసన, పిండికట్టు వేసిన కాలు చాపుకుని నేను. “నిరుటి ఫోటోలో ఉన్నావుగా” అన్నాడు. అంతే.

ఆ ఫోటోలో నన్ను కూర్చోబెట్టింది జట్టు. దెబ్బ తగిలినా వీడు మనవాడే అని కుర్చీ తెచ్చి మరీ కూర్చోబెట్టింది. ఆ ఆదరణే నా మీద సాక్ష్యం అయింది. అందుకే 2018లో ఆ హుడీ చూసినప్పుడు నాకు కడుపులో కలుక్కుమంది.

ఆట మాటకు వద్దాం. సిమన్స్‌కు అర్హత ఉంటే సరిపోదు, యోగ్యత కూడా ఉండాలి. దూరం నుంచి బుట్టలో వేయలేడన్నారు. నిజమే, ఆ సీజన్లో పదకొండు త్రీలు ప్రయత్నిస్తే ఒక్కటీ పడలేదు. కానీ మార్చి చివర మన జట్టు పెద్ద ఆటగాడు ఎంబీడ్ కంటి దగ్గరి ఎముక విరిగి తప్పుకున్నాక మిగిలిన ఎనిమిది ఆటలు ఎవరు నడిపించారు? ఎనిమిదీ గెలిచారు. వరసగా పదహారు గెలుపులతో సీజన్ ముగిసింది. ఓటు వేసిన 101 మందిలో 90 మంది సిమన్స్‌కు, 11 మంది మిచెల్‌కు మొదటి స్థానం ఇచ్చారు. నా చేతిలో ఓటు ఉంటే నేనూ ఆ తొంభై మందితోనే ఉండేవాణ్ణి. అయితే తేడా అంత ఉండకూడదు. మిచెల్ మోసిన బరువుకు పదకొండు తక్కువే, ఈ మాట మా అమ్మాయి ఎదుటే ఒప్పుకుంటున్నాను.

తర్వాత సిమన్స్ ఈ ఊరితో ఎలా తెగతెంపులు చేసుకున్నాడో మీకు చెప్పనక్కర్లేదు. మిచెల్ ఇంకా పెద్ద ఆటగాడు అయ్యాడు. కాబట్టి అప్పుడే తప్పు చేశారని ఇప్పుడు అంటున్నారు. ఆ కోపాన్ని దయచేసి 2018లోకి మోసుకెళ్లకండి. ఆ కప్పు ఆ ఒక్క ఏడాది ఆటకు ఇచ్చారు, రాబోయే జీవితానికి కాదు.

టైమ్ అయిందని కార్యదర్శిగారు చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

నిరుటి స్కోరు షీట్లు తెప్పించాను, ఇవిగో. ఆటగాడు కోర్టులోకి అడుగుపెట్టగానే స్కోరర్ అతని పేరు పక్కన ఇంటూ గుర్తు పెడతారు. పాయింటు రాకపోయినా, పది సెకన్లే ఆడినా ఆ గుర్తు పడుతుంది. నిరుడు మన జట్టు నాలుగు ఆటలు ఆడింది. నాలుగు షీట్లలోనూ ఆ బాబు పేరు ఉంది. నాలుగింటిలోనూ ఆ గడి ఖాళీగా ఉంది. కమిటీవారు పైకి వచ్చి చూడండి. నిరుటి ఫోటో మాత్రం ఎవరూ బయటికి తీయవద్దు.

ఇద్దరు పిల్లలకూ కొత్త ఆటగాడి అర్హత ఉంది. కాబట్టి ఇక చూడవలసింది ఈ రెండు రోజుల ఆటే. బాబూ, ఇద్దరూ ఇలా రండి. ఈ ఏటి షీట్లు నా పక్కన కూర్చుని మీరే చదవండి, మీ ఎదుటే కూడుదాం.