చార్ల్‌స్టన్ కమ్మరి ఫిలిప్ సిమన్స్

అందరికీ నమస్కారం.

అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున చార్ల్‌స్టన్ అనే పాత ఊరుంది. ఇనప గేట్లకూ, బాల్కనీల కటకటాలకూ పేరుపడ్డ ఊరు. ఆ గేట్లూ కటకటాల్లో అయిదు వందలకు పైగా ఒక్క మనిషి చేతి పని. ఆయనే ఫిలిప్ సిమన్స్. 2009 జూన్ 22న, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పుట్టింది 1912లో, డేనియల్ ఐలాండ్ అనే లంకలో. ఎనిమిదేళ్లకు చదువు కోసం ఊళ్లోకి వచ్చారు. బడికి పోయే దారిలో కొలిమి కనిపిస్తే ఏ పిల్లాడి కాళ్లు ముందుకు పడతాయి? పదమూడేళ్లకే పీటర్ సిమన్స్ అనే పెద్దాయన దగ్గర పనిలో చేరారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే గానీ చుట్టరికం లేదు. ఆ పెద్దాయన బానిసగా పుట్టినవాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. చార్ల్‌స్టన్‌లో పాత గేట్లు చేయించిన దుకాణదారుల పేర్లు చరిత్రకెక్కాయి. వాళ్ల కింద సమ్మెట ఎత్తిన బానిసల పేర్లు మిగిలింది బహు తక్కువ. మనమేమన్నా మెరుగా? నాగటి కర్రు కాల్చి సాగగొట్టి, కొడవలికి పదును పెట్టి, ఏడాదికోసారి కళ్లంలో మేర గింజలు కొలిపించుకుపోయిన మనిషిని ‘కమ్మరాయన’ అనే పిలిచాం. అసలు పేరు ఎంతమందికి గుర్తుంది? సిమన్స్ పేరు నిలిచిందంటే, ఆ పేరు లేనివాళ్ల విద్య కూడా ఆయనతో పాటు లెక్కలోకి వచ్చిందని నేననుకుంటాను.

మొదట్లో ఆయన చేసినవి గుర్రాలకు నాడాలు, బండి చక్రాలకు పట్టాలు, రేవులో పడవలకు కావలసిన సామాను. మోటార్లొచ్చాయి, గుర్రాలు పోయాయి. ట్రాక్టరొచ్చాక మన దగ్గర ఎన్ని కొలిములు ఆరిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సిమన్స్ మాత్రం 1930ల చివర్లో గేట్ల వైపు మళ్లారు. ముందు పాతవాటికి మరమ్మతులు, ఆ తర్వాత సొంత నమూనాలు. నన్నడిగితే అసలు గొప్పతనం ఆ మలుపులో ఉంది. ‘కళాకారుడు’ అన్న బిరుదు తర్వాత ఎవరెవరో వచ్చి తగిలించారు.

ఆయన పని ఎలాంటిదో తెలియాలంటే పాము గేటు సంగతి చెప్పాలి. అమెరికా విప్లవం నాటి నాయకుడు క్రిస్టఫర్ గాడ్స్‌డెన్ పేరుతో ఒక ఇల్లుంది. తోకతో చప్పుడు చేసే పాము బొమ్మ ఉన్న పసుపు జెండా ఆయనదే. అందుకని ఆ ఇంటి గేటుకు పాము కావాలనుకున్నారు. సిమన్స్ మొదట చేసిన పాము చచ్చిన పాములా ఉందట! లోపమంతా కంట్లో ఉంది. ఇనుము మళ్లీ కాల్చి, మళ్లీ కొట్టి, ఆ కంట్లో ప్రాణం కనిపించేదాకా వదల్లేదు. గేటంటే దొంగలు రాకుండా పెట్టుకునేది. దాని మీద పాము కన్ను కోసం ఇంత అవస్థ ఎందుకు అనేవాళ్లు ఈ పనికి పనికిరారు.

1976లో వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ అనే జాతీయ మ్యూజియం సంస్థ వాళ్ల జానపద ఉత్సవంలో, జనం చూస్తుండగా నక్షత్రం, చేప ఉన్న గేటు చేశారు. సంప్రదాయ కళాకారులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే జాతీయ వారసత్వ పురస్కారాన్ని, అది మొదలైన 1982లోనే అందుకున్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై. పని నేర్చుకుంటామని వచ్చిన కుర్రాళ్లకు నేర్పారు. బ్లేక్ వీధిలో ఆయన ఇల్లూ కొలిమీ చూడటానికి ఇప్పటికీ జనం వస్తుంటారు.

ఇక నా మాటలు చాలు. ఆ గేట్ల ఫొటోలు తెచ్చాను. లైట్లు కొంచెం తగ్గించండి బాబూ. మొదటిది పాముదే, కన్ను చూడండి.