రాజు చివరి మాట ఎవరు విన్నారు?

(స్టూడియో చర్చకు ఇది అక్షర రూపం. ముగ్గురికీ సమాన సమయం ఇస్తామని మొదట్లోనే ప్రకటించారు. ఒకరి మాట మీద మరొకరు మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

సమన్వయకర్త: నమస్కారం. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ కల్పిత చరిత్ర, 2018లో వచ్చిన ‘ఫైర్ అండ్ బ్లడ్’ పుస్తకంలో లేని ఒక కల, దాని ఆధారంగా 2022లో మొదలైన ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ టీవీ ధారావాహికలో కథకే ఇరుసుగా మారింది. ప్రాణం పోయే ముందు విసేరిస్ రాజు, దండయాత్రతో ఆ రాజ్యాన్ని గెలిచిన తన పూర్వికుడు ఏగాన్ కన్న కల గురించి, వంశంలో ఒక రక్షకుడు పుడతాడన్న కల గురించి గొణుగుతాడు. ఎదురుగా ఉన్నది కూతురు రెనీరా అనుకుంటాడు. ఉన్నది రాణి అలిసెంట్. ఆమె అది తన కొడుకు ఏగాన్ గురించే అనుకుంటుంది. ఈ మార్పు మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. నా ప్రశ్న ఒక్కటే. ఆ గదిలో ఇంకొక మనిషి ఉండి ఉంటే, సింహాసనం కోసం రెనీరాకూ ఆ కొడుకు ఏగాన్‌కూ మధ్య యుద్ధం జరిగేదా? సార్, మీతో మొదలుపెడదాం. క్లుప్తంగా.

విమర్శకుడు: క్లుప్తంగానే చెబుతాను. జరిగేది. గొడవ పుట్టింది చావు గదిలో కాదు, హారెన్‌హాల్ కోటలో. ఏగాన్ దండయాత్ర తర్వాత 101వ ఏట, తర్వాతి రాజెవరో తేల్చడానికి అక్కడ ప్రభువుల మహాసభ కూడింది. రాజవంశానికే చెందిన మరో హక్కుదారు లేనార్‌ను కాదని విసేరిస్‌ను ఎన్నుకున్నారు. ఎందుకు? లేనార్ హక్కు తల్లి వైపు నుంచి వచ్చింది కాబట్టి. స్త్రీకి గానీ, స్త్రీ ద్వారా మగవాడికి గానీ సింహాసనం దక్కదని చాలామంది ఆ తీర్పును శాసనంలా పట్టుకున్నారు. ఆ తీర్పుతో గద్దెనెక్కిన మనిషే 105లో కూతుర్ని వారసురాలిగా ప్రకటించి ప్రభువుల చేత ప్రమాణం చేయించాడు. తాను ఎక్కిన నిచ్చెనను...

సమన్వయకర్త: అంటే చివరి మాటకు సాక్షి లేకపోవడం వల్లే కదా...

విమర్శకుడు: పూర్తి చేయనివ్వండి. తాను ఎక్కిన నిచ్చెనను తానే తన్నేశాడు. దీనికి కలతో ఏమిటి సంబంధం?

అధ్యాపకురాలు: నేను అందుకోవచ్చా? ఆ రాజ్యంలో రాసిపెట్టిన వారసత్వ చట్టం లేదు. ఒక పక్క సభ తీర్పు, ఒక పక్క రాజు మాట. రెండూ...

విమర్శకుడు: నేను అన్నదే మేడమ్ కూడా అంటున్నారు.

అధ్యాపకురాలు: కాదండీ, రెండూ చెల్లుతాయని అంటున్నాను. మీరు ఒకటే చెల్లుతుందంటున్నారు. అసలు ఆ పుస్తకం నవలలా సాగదు. గిల్డేన్ అనే పండితుడు పాత పత్రాలు ముందు పెట్టుకుని రాసిన చరిత్రలా ఉంటుంది. కోశాధికారి లైమన్ బీస్‌బరీ సంగతే తీసుకోండి. రాజు చనిపోగానే జరిగిన మంత్రుల సమావేశంలో రెనీరా పక్షాన గొంతెత్తిన ముసలాయన. ఆస్థాన పండితుడు ఆర్వైల్ కథనంలో ఆయన్ని చీకటి కొట్లో వేశారు, అక్కడ చలి సోకి పోయాడు. మతాచార్యుడు యూస్టేస్ కథనంలో రాజు అంగరక్షకుల నాయకుడు క్రిస్టన్ కోల్ ఆయన్ని కుర్చీలో కుదేసి బాకుతో గొంతు కోశాడు. విదూషకుడు మష్రూమ్‌ను అడిగితే, అదే కోల్ ఆయన్ని మెడ పట్టి కిటికీలోంచి విసిరేశాడు, కింద ఎండిన కందకంలో ఇనుప మేకులు దిగి చచ్చాడు అంటాడు. ఒక్క ముసలాయనకు మూడు చావులు. ఆ సమావేశంలో అంతమంది ఉన్నారు కదా, మరి మీ సాక్షి సిద్ధాంతం ఏమైనట్టు?

సమన్వయకర్త: అదే నేనూ అంటున్నది! నమ్మదగిన సాక్షి ఒక్కడు ఉండి ఉంటే...

(నవ్వులు)

విమర్శకుడు: ఆర్వైల్ చెరసాలలో కూర్చుని రాశాడండీ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం. నా ఎదుట ఎవరినీ చంపలేదు అనకపోతే ఏమంటాడు? యూస్టేస్ ఏగాన్ పక్షపాతి. మష్రూమ్ రెనీరా కొలువులో మనిషి, పైగా ఎక్కడ బూతు దొరికితే అక్కడ ఆగిపోతాడు. మళ్లీ చెబుతున్నాను, ఇదంతా అధికారం కోసం...

సమన్వయకర్త: రచయిత్రిగారు ఇంతవరకు మాట్లాడనేలేదు.

రచయిత్రి: మాట్లాడనివ్వలేదు. సార్ కలను పూచికపుల్లలా తీసిపారేస్తున్నారు. ఆ రాజవంశం బతికి బట్టకట్టిందే ఒక కల వల్ల. వాళ్ల పూర్వికుల దేశం వలీరియా నాశనమవుతుందని ఆ ఇంటి అమ్మాయి డేనిస్ కల కంది. తండ్రి నమ్మి, మందినీ డ్రాగన్లనూ తీసుకుని డ్రాగన్‌స్టోన్ దీవికి తరలిపోయాడు. 12 ఏళ్ల తర్వాత వలీరియా కాలి బూడిదైంది. అలాంటి ఇంట్లో ఒక రాజు కలను నమ్మడం పిచ్చితనం ఎలా అవుతుంది? ఇంకొకటి. చరిత్ర రాసిన పండితులకు మంత్రతంత్రాలంటే గిట్టదు. వాళ్లు రాయలేదు కాబట్టి కల లేదనడం...

విమర్శకుడు: నిజమైన కలలే గుర్తుంటాయమ్మా. నిజం కాని కలలు ఎన్ని వచ్చాయో ఎవరు లెక్కపెట్టారు?

రచయిత్రి: నేను అన్నది పండితుల గురించి. వాళ్లు ఏమి వదిలేశారో...

సమన్వయకర్త: మరి ఆ కత్తి సంగతి? ధారావాహికలో రాజు దగ్గర ఒక బాకు ఉంది. నిప్పులో కాలిస్తే దాని మీద అక్షరాలు తేలతాయి. అంటే జోస్యానికి రాతపూర్వక సాక్ష్యం ఉన్నట్టే!

విమర్శకుడు: ఏమి రాసి ఉందండీ దాని మీద? తన రక్తంలోంచి ఒక రక్షకుడు పుడతాడని. రెనీరాది ఆ రక్తమే, తమ్ముడు ఏగాన్‌దీ ఆ రక్తమే. ఎవరి పేరు ఉంది? ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకోవచ్చు. జోస్యాల గొప్పతనమే అది.

అధ్యాపకురాలు: ఇది మంచి మాట. కానీ దీన్నిబట్టి కల అబద్ధమని తేలదు, ఆ కల వారసుణ్ణి నిర్ణయించలేదని మాత్రమే తేలుతుంది. మీరు రెండూ కలిపేస్తున్నారు.

విమర్శకుడు: కలపడం లేదు. కలే లేదంటున్నాను.

రచయిత్రి: తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

(మాటలు కలిసిపోయాయి. సుమారు అర నిమిషం పాటు విమర్శకుడి గొంతు ఒక్కటే స్పష్టంగా ఉంది. మహాసభ సంగతి మూడోసారి చెప్పారు.)

సమన్వయకర్త: సార్... సార్... నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. వినికిడి పొరపాటు జరగకపోయి ఉంటే?

విమర్శకుడు: చెప్పాను కదా! 2024లో వచ్చిన రెండో భాగంలో రెనీరా మారువేషంలో వెళ్లి, ఆలయంలో అలిసెంట్‌ను కలుస్తుంది. పొరపాటు అక్కడే బయటపడింది. యుద్ధం ఆగిందా?

సమన్వయకర్త: ఆలస్యంగా తెలిసింది కాబట్టి ఆగలేదు. ముందే తెలిసి ఉంటే...

అధ్యాపకురాలు: ముగింపు కూడా చూడాలి. 131లో రెండో ఏగాన్, అంటే అలిసెంట్ కొడుకు, చనిపోయాక గద్దెనెక్కింది రెనీరా కొడుకే. ఆ తర్వాత మరో కొడుకూ రాజయ్యాడు. అయినా రాణుల లెక్కలో ఆమె లేదు. తరాల తర్వాత అదే గద్దె కోసం పోరాడిన స్టానిస్ కూడా ఆమెను ద్రోహి కిందే జమకట్టాడు. అంటే కొడుకులు రాజులైనా తల్లి పేరు...

విమర్శకుడు: హారెన్‌హాల్ తీర్పు ఎంత బలమైనదో చూశారా! మేడమ్ నా వాదనను నిరూపించారు.

అధ్యాపకురాలు: నేను చెప్పబోయింది దానికి తలకిందులు...

సమన్వయకర్త: సమయం అయిపోయింది. రచయిత్రిగారికి 30 సెకన్లు. ఆ గదిలో ఒక్క లేఖరి ఉండి, రాజు మాటను కాగితం మీద పెట్టి ఉంటే?

విమర్శకుడు: ఆ లేఖరినీ కిటికీలోంచి విసిరేసేవాళ్లు.

రచయిత్రి: ఆ 30 సెకన్లు నావి. పండితులు ఏమి వదిలేశారో అన్నాను కదా...

(ముగింపు సంగీతం)