దెబ్బ తగిలింది సరే, కాగితం మీద ఏం రాశారు?

(తిరుపతి స్టూడియోలో రికార్డు చేసిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన డాక్టర్, చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న లాయర్, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్.)

యాంకర్: నమస్కారం. గట్టు తగాదాలో ఒకాయన్ని కొట్టారు, ముంజేయి ఉబ్బింది. ఇంట్లోవాళ్లు చావగొట్టారంటారు. ఆసుపత్రిలో 'సింపుల్', అంటే మామూలు దెబ్బ అని రాస్తారు. స్టేషన్‌లో వెంటనే కేసు కూడా కట్టరు. ఇందులో తప్పెవరిది, హెడ్ గారూ?

హెడ్ కానిస్టేబుల్: తప్పెవరిదీ కాదు సార్. చేత్తో కొట్టి మామూలు దెబ్బ తగిలిందంటే, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా మేం ఎఫ్ఐఆర్ కట్టలేం. ఆ మాట చెబితే, అవతలివాళ్ల దగ్గర డబ్బు తిన్నారంటారు. ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలితే కథే వేరు. నా సర్వీసంతా ఈ రెంటి మధ్యే గడిచింది.

లాయర్: ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో మామూలు దెబ్బకు సెక్షన్ 115, గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. తీవ్రమైన గాయమైతే 117, ఏడేళ్ల దాకా పడుతుంది. ఏది తీవ్రమో 116లో ఎనిమిది రకాలుగా చెప్పారు. కన్ను పోవడం, చెవి పోవడం, అవయవమో కీలో పోవడం లేదా పనికిరాకుండా పోవడం, ముఖం వికారం కావడం, ఎముకో పన్నో విరగడం, జారడం... ఇలా. ఎంత ఏడ్చాడు, ఎంత రక్తం పోయింది అన్నది అందులో లేదు.

డాక్టర్: ప్రజలకు కోపం వచ్చేది అక్కడే. నెత్తి చిట్లితే చొక్కా అంతా రక్తమవుతుంది. మూడు కుట్లు వేసి పంపేస్తాం, అది సింపులే. చిటికెన వేలి ఎముకకు సన్నటి చీలిక వస్తే చుక్క రక్తం కారదు, అది గ్రీవియస్, అంటే తీవ్రమైన గాయం.

హెడ్ కానిస్టేబుల్: పన్ను సంగతి చెప్పండమ్మా. ఊగుతున్న పన్ను తానే పీక్కుని గుడ్డలో చుట్టుకొచ్చినవాణ్ణి చూశాను నేను.

డాక్టర్: (నవ్వు) చిగురు చూస్తే తెలిసిపోతుంది. దెబ్బకు ఊడిన పన్నైతే గుంటలో రక్తం గడ్డ ఉంటుంది, పెదవి లోపల కూడా చిట్లి ఉంటుంది. పక్క పళ్లన్నీ ఊగుతుంటే అది చిగుళ్ల జబ్బు.

యాంకర్: వూండ్ సర్టిఫికెట్, అంటే గాయాల వివరాల కాగితం రాసేటప్పుడు మీరు ఏం చూస్తారు? కొంచెం దగ్గరగా చూపించండి.

డాక్టర్: ముందు మనిషిని గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు రాసుకుంటాం. తర్వాత ఒక్కో గాయం ఎక్కడుంది, పొడవు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు, అంచు ఎలా ఉంది. కమిలిన దెబ్బ మొదట ఎర్రగా ఉంటుంది, తర్వాత నీలం, నలుపు. సుమారు ఐదారు రోజులకు అంచుల్లో ఆకుపచ్చ తిరుగుతుంది, వారం దాటాక పసుపు. రెండు వారాల్లో చాలావరకు మాయం. 'నిన్న రాత్రి కొట్టారు' అని పసుపు మచ్చ చూపిస్తే నాకు అనుమానం వస్తుంది. అయితే చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఈ రంగులు సరిగా కనపడవు, అందుకే రంగు చూసి తేదీ ఒట్టేసి చెప్పను.

ఇంకొకటి. తల మీద చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది కదా, కర్రతో కొట్టినా చర్మం కత్తితో కోసినట్టు తిన్నగా చీలుతుంది. ఇంట్లోవాళ్లు కొడవలి అంటారు. భూతద్దం పెట్టి చూస్తే అంచులు నలిగి ఉంటాయి, వెంట్రుకల కుదుళ్లు చితికి ఉంటాయి, చీలిక లోపల సన్నటి పోగులు ఇటునుంచి అటు తెగకుండా అంటుకుని ఉంటాయి. కొడవలైతే ఆ పోగులు తెగిపోతాయి. హడావుడిలో కుట్లు వేసేశాక ఇది ఇక ఎవరికీ దొరకదు.

లాయర్: దొరక్కపోతే నాకు పండగే, నేను ముద్దాయి తరఫునైతే. కొడవలి లాంటి ప్రమాదకర ఆయుధానికి సెక్షన్ 118 కింద శిక్ష ఎక్కువ. సాక్షి కొడవలి అంటాడు, సర్టిఫికెట్‌లో మొద్దు ఆయుధం అని ఉంటుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదురు ప్రశ్నలప్పుడు ఆ ఒక్క వాక్యం చాలు.

యాంకర్: ఒక కాల్ ఉంది. చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్ 1: నారాయణవనం దగ్గర నుంచి సార్. మా ఆయన్ని దాయాదులు కొట్టినారు. చెయ్యి విరిగింది. అప్పటికప్పుడు పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించినాం. చెయ్యి బాగైపోయింది. కేసులో మాత్రం మామూలు దెబ్బ అని రాసినారంట. ఎట్ల సార్?

లాయర్: అమ్మా, కట్టుకు ముందు ఎక్స్‌రే తీయించారా?

కాలర్ 1: లేదు సార్. చేత్తో తడిమి చూసి విరిగిందని చెప్పినారు.

లాయర్: అదేనమ్మా చిక్కు. ఎముక విరిగిందని కోర్టుకు రుజువు కావాలి. ఎక్స్‌రే, అది చూసిన డాక్టర్ సాక్ష్యం. అవి లేని కేసులు చాలా మామూలు దెబ్బ కింద తేలిపోతాయి.

హెడ్ కానిస్టేబుల్: పుత్తూరు కట్టును తక్కువ చేయకండి. నా మోచేయి అక్కడే కట్టించుకున్నా. మద్రాసు నుంచి కూడా వస్తారు.

డాక్టర్: కట్టు సంగతి నేను మాట్లాడటం లేదండీ, ఆ వాదన ఇంకోసారి పెట్టుకుందాం. ముందు ప్రభుత్వాసుపత్రిలో చూపించి, ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాయించి, ఎక్స్‌రే తీయించమంటున్నాను. అమ్మా, ఇప్పుడైనా తీయించండి. ఎముక అతుక్కున్నచోట గడ్డలా కట్టిన గుర్తు చాలాకాలం కనపడుతుంది. అది ఏనాటిదో గట్టిగా చెప్పలేం కానీ, ఏమీ లేకపోవడం కంటే నయం.

లాయర్: ఆ ఫిల్మ్ తీసుకుని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను కలవండి.

యాంకర్: పోలీసు కాగితం తెస్తేగానీ చూడం అని కొన్నిచోట్ల తిప్పి పంపుతారు కదా?

డాక్టర్: పంపకూడదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

యాంకర్: పదిహేను రోజుల సంగతికి వద్దాం. బెడ్ మీద పదిహేను రోజులు పడుకుంటే కేసు పెద్దదవుతుందని ఊళ్లో ప్రతివాడికీ తెలుసు.

హెడ్ కానిస్టేబుల్: సంహిత రాకముందున్న పాత శిక్షాస్మృతి ఐపీసీలో ఇరవై. 2024 జూలై 1 నుంచి పదిహేనైంది. అంతకుముందు జరిగిన కొట్లాటకు ఇప్పటికీ ఇరవై లెక్కే.

లాయర్: అందరూ చదవని సగం ఇంకోటుంది. ఆ పదిహేను రోజులూ తీవ్రమైన నొప్పి ఉండాలి, లేదా రోజువారీ పనులు చేసుకోలేని స్థితి ఉండాలి. ఆసుపత్రిలో ఉన్నాడు అన్నంత మాత్రాన చాలదు. కేస్ షీట్‌లో నాలుగోరోజుకే 'పేషెంట్ నడుస్తున్నాడు, భోజనం చేశాడు' అని నర్సు రాసి ఉంటుంది. డిశ్చార్జి కాకుండా ఎన్నాళ్లు పడుకున్నా ఆ నర్సు రాతే మాట్లాడుతుంది.

డాక్టర్: పైగా నిజంగా బెడ్ కావలసినవాడు వరండాలో ఉంటాడు. ఈ అలవాటు మీద నాకు చెప్పలేనంత చిరాకు.

యాంకర్: డాక్టర్ గారూ, ఎవరూ కొట్టకుండానే మీరు ఇంజురీ, అంటే గాయం అంటుంటారు.

డాక్టర్: అవును. వేరుశనగ చేలో రక్తపింజరి కరిస్తే విషం వల్ల కిడ్నీ దెబ్బతింటుంది. కేస్ షీట్‌లో 'అక్యూట్ కిడ్నీ ఇంజురీ' అని రాస్తాం. 'కిడ్నీ మీద ఎవరు కొట్టినారు?' అని బంధువులు అడుగుతారు. మాకు కావలసింది కణజాలానికి జరిగిన నష్టం. బలం, వేడి, కరెంటు, రసాయనం శరీరం తట్టుకోగల హద్దు దాటితే అది గాయమే. నీళ్లలో మునిగి ఊపిరందకపోయినా అంతే. దాని వెనక నేరం ఉందా లేదా అన్నది మా ప్రశ్న కాదు.

లాయర్: మాకు మొదటి ప్రశ్నే అది. సంహితలో 'ఇంజురీ' అంటే చట్టవిరుద్ధంగా కలిగించిన ఏ హానైనా. ఒంటికి, మనసుకు, పరువుకు, ఆస్తికి. 'డబ్బు పంపకపోతే నీ ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులందరికీ పంపుతా' అని లోన్ యాప్ వాడు బెదిరించి డబ్బు లాగాడనుకోండి, ఒంటి మీద చెయ్యి పడలేదు. అయినా పరువుకు హాని చేస్తానని భయపెట్టి వసూలు చేశాడు కాబట్టి సెక్షన్ 308 కింద నేరం. అదే, మీ టిఫిన్ సెంటర్ ఎదురుగా ఇంకొకడు కొట్టు పెట్టి ఇడ్లీ రేటు తగ్గించి మీ బేరమంతా లాక్కున్నాడు. మీకు నష్టం నిజమే, చట్టం దృష్టిలో హాని లేదు. ఇంగ్లండులో 1410 నాటి గ్లౌస్టర్ బడి కేసు నుంచీ ఇదే సూత్రం. పోటీ బడి పెట్టి ఫీజు తగ్గించినవాడి మీద పాత పంతుళ్లు దావా వేసి ఓడిపోయారు.

యాంకర్: చెయ్యి పోయినవాడికి పరిహారం కోసం శాతాలు లెక్కగడతారు. అది న్యాయమేనా? నాకైతే ఎప్పుడూ మింగుడుపడదు.

లాయర్: 1923 నాటి కార్మికుల పరిహార చట్టం 2025 నవంబరు దాకా అమల్లో ఉండేది. దాని మొదటి షెడ్యూల్లో బొటనవేలు పోతే 30 శాతం అని ఉండేది. ఆ పట్టికకు మనిషి చేసే పని తెలియదు. మాధవమాలలో చెక్క చెక్కే అతనికి ఉలి పట్టే చేతి బొటనవేలు పోయిందనుకోండి, అతని బతుకులో పోయింది ముప్పై శాతమా? రోడ్డు ప్రమాదాల కేసుల్లో మాత్రం సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు అని విడదీసింది. ఎడమచెయ్యి పోతే వైకల్యం 60 శాతం ఉండొచ్చు. కానీ అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూరు శాతం పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు.

డాక్టర్: అందుకే సర్టిఫికెట్‌లో నేను శాతంతో ఆపను. ఏం పట్టుకోగలడు, ఏం పట్టుకోలేడు అని రాస్తాను. సాక్ష్యానికి పిలిస్తే వెళతాను కూడా. చాలామంది మావాళ్లు వెళ్లరు, అది బాగోలేదు.

హెడ్ కానిస్టేబుల్: ఇది నిజం. సమన్లు పట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగింది నేనే.

యాంకర్: చివరి కాల్. చెప్పండి.

కాలర్ 2: బంగారుపాళ్యం నుంచి సార్. మావాడు మామిడి లోడు ఆటో తోలతాడు. రేణిగుంట రోడ్డులో లారీ గుద్దింది, కాలు విరిగి రాడ్ వేసినారు. ఐదు నెలలైంది. ఇంకా నడవలేడు. పూర్తిగా తగ్గినాక పోదామనుకుంటున్నాం.

లాయర్: ఆగొద్దు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారానికి క్లెయిమ్ వేయాలని మోటారు వాహనాల చట్టం 166లో ఉంది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు వెళ్లాయి. అయినా వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. రేణిగుంట వైపు తిరగనక్కర్లేదు, మీరుండే చోటి ట్రిబ్యునల్లోనే, అంటే చిత్తూరులోనే వేయొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఎక్స్‌రేలు రాడ్ వేయకముందువీ వేశాకవీ రెండూ, అబ్బాయి లైసెన్సు తీసుకెళ్లండి. ఆటో రోజు సంపాదనకు రుజువు ఏమైనా ఉందా?

కాలర్ 2: మండీవాళ్లు ఇచ్చిన కిరాయి చీటీలు ఉన్నాయి సార్.

లాయర్: భలే. అవి అన్నిటికంటే ముందు పెట్టుకోండి.