ఒకే కంపెనీ, రెండు రిపోర్టులు: డాక్టర్ రెడ్డీస్ అమెరికాకి ఏం చెబుతుంది, మనకేం చెబుతుంది?

[స్క్రీన్ మీద: ఎన్‌ఎస్‌ఈ ధర రూపాయల్లో, పక్కన న్యూయార్క్ ధర డాలర్లలో]

డాక్టర్ రెడ్డీస్ అంటే మనకి హైదరాబాద్ కంపెనీ. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి మాత్రం అది విదేశీ కంపెనీ. 2001 ఏప్రిల్ నుంచి అక్కడ "ఆర్‌డీవై" అనే గుర్తుతో ట్రేడ్ అవుతోంది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు కొనేది ఏడీఆర్, అంటే ఇక్కడి షేరుకి బదులుగా అక్కడ డాలర్లలో ట్రేడ్ అయ్యే పత్రం. ఒక్కో ఏడీఆర్‌కి వెనక ఇక్కడి షేరు ఒకటి ఉంటుంది.

కాబట్టి ఈ కంపెనీ ఏటా ఇద్దరికి జవాబు చెప్పుకోవాలి. ఇక్కడ స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి, అక్కడ అదే పని చేసే ఎస్‌ఈసీకి. ఇద్దరూ అడిగే ప్రశ్నలు వేరు. మనలో చాలామంది ఇక్కడి యాన్యువల్ రిపోర్ట్ తిరగేసి, ఛైర్మన్ సందేశం చదివి పక్కన పెట్టేస్తాం. రెండోది కూడా తెరవండి అని చెప్పడానికే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: ఫారం 20-ఎఫ్ మొదటి పేజీ]

ఆ రెండోదాని పేరు 20-ఎఫ్. అమెరికా కంపెనీలైతే ఏటా 10-కె, మూడు నెలలకోసారి 10-క్యూ ఇవ్వాలి. విదేశీ కంపెనీలకి అంత ఒత్తిడి లేదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగు నెలల్లో 20-ఎఫ్ ఇస్తే చాలు. మార్చి 31తో లెక్కలు ముగించే మన కంపెనీలకి గడువు జులై 31. మధ్యలో ముంబై ఎక్స్ఛేంజీలకి చెప్పిన ముఖ్యమైన విషయాలన్నీ 6-కె పేరుతో అక్కడా పెట్టాలి.

లెక్కల పద్ధతి కూడా ఒకటే కాదు. ఇక్కడ ఇండ్ ఏఎస్ అనే మన దేశపు లెక్కల ప్రమాణాలు, అక్కడ ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణాలు. అమెరికా పద్ధతిలోకి మార్చి చూపించాలన్న షరతుని, ఐఎఫ్‌ఆర్‌ఎస్ వాడేవాళ్లకి 2007లో ఎస్‌ఈసీ తీసేసింది. ఇండ్ ఏఎస్, ఐఎఫ్‌ఆర్‌ఎస్ దాదాపు ఒకేలా ఉంటాయి కానీ తేడాలున్నాయి. ఉదాహరణకి, ఒక వ్యాపారాన్ని దాని విలువ కంటే తక్కువకి కొంటే మిగిలిన లాభాన్ని ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఆ ఏడాది లాభంలోనే కలుపుతుంది. ఇండ్ ఏఎస్‌లో అది సాధారణంగా ఆ ఏడాది లాభంలో కలవకుండా క్యాపిటల్ రిజర్వ్ అనే నిధికి వెళ్తుంది. అందుకే ఒకే ఏడాదికి రెండు లాభాలు కనిపిస్తే కంగారు పడొద్దు, తేడా ఎందుకొచ్చిందో వెతకండి.

20-ఎఫ్‌లో నేను ముందు తెరిచేది రిస్క్ ఫ్యాక్టర్స్. పేజీలకి పేజీలు ఉంటుంది, లాయర్ల భాష. సగం ప్రతి కంపెనీలోనూ కనిపించే మాటలే. అయినా కంపెనీ దేనికి భయపడుతోందో ఇంత వివరంగా ఇంకెక్కడా రాయదు. 2015 నవంబర్‌లో శ్రీకాకుళం, మిర్యాలగూడ, విశాఖ దువ్వాడ ప్లాంట్లకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ ఇచ్చింది. మన ఊళ్ల పక్కనున్న ఫ్యాక్టరీలో తనిఖీ ఫెయిలైతే అమెరికాలో అమ్మకాలకి, కొత్త మందుల అనుమతులకి ఏమవుతుందో అర్థం కావాలంటే ఈ భాగమే చదవాలి. ఒక కిటుకు చెప్తాను: పోయినేడాది రిపోర్టుని పక్కన పెట్టుకుని, ఈ ఏడాది కొత్తగా చేరిన పేరాలు, మాయమైన పేరాలు మాత్రం చూడండి.

[స్క్రీన్ మీద: 2009 జనవరి 7]

రెండు చోట్ల లిస్ట్ అయితే మదుపరికి ఏమిటి తేడా అంటారా? సత్యం కంప్యూటర్స్‌ని గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు రామలింగరాజు తన లేఖలో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేవని ఒప్పుకున్నారు. సత్యం కూడా న్యూయార్క్‌లో లిస్ట్ అయిన కంపెనీయే. 2011లో ఎస్‌ఈసీకి కోటి డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. అమెరికా కోర్టులో మదుపరులంతా కలిసి వేసిన దావాని (క్లాస్ యాక్షన్) 12.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. ఇక్కడ అదే షేరు కొని నష్టపోయిన మన చిన్న మదుపరులకి అప్పట్లో అలాంటి దావా వేసే దారే లేదు. కంపెనీల చట్టంలో ఆ సెక్షన్ 2013లో గానీ రాలేదు. అబద్ధం ఒకటే, నష్టం ఒకటే, పరిహారం మాత్రం ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: బీఆర్‌ఎస్‌ఆర్]

ఇంతవరకు విని అమెరికా పత్రమే గొప్పదనుకోకండి. సస్టైనబిలిటీ దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. వాతావరణ మార్పుపై వివరాలివ్వాలని ఎస్‌ఈసీ 2024 మార్చిలో ఒక రూల్ తెచ్చింది. కేసులు పడడంతో నెలలోపే దాన్ని ఆపింది. 2025 మార్చిలో కోర్టులో ఆ రూల్‌ని సమర్థించడమే మానేసింది.

మన దగ్గరేమో 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్, అంటే పర్యావరణం, సమాజం పట్ల బాధ్యతపై ఇచ్చే రిపోర్ట్, తప్పనిసరి. తొమ్మిది సూత్రాల కింద ప్రశ్నలుంటాయి. ఫ్యాక్టరీలు ఎంత నీళ్లు తోడాయి, వాడిన నీళ్లని ఎక్కడ వదిలాయి, ఎంత కరెంటు వాడాయి, ప్రమాదాల్లో ఎంతమంది చనిపోయారు, అన్నీ అంకెల్లో చెప్పాలి. బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అనే ముఖ్యమైన భాగాన్ని బయటివాళ్లతో తనిఖీ చేయించాలన్న నియమం 2023–24లో మొదటి 150 కంపెనీలతో మొదలైంది. పటాన్‌చెరు, జీడిమెట్ల చుట్టుపక్కల బోరు నీళ్ల బాధ తెలిసినవాళ్లకి ఈ అంకెలు ఎంత విలువైనవో నేను చెప్పక్కర్లేదు.

ఒక లోటు ఉంది. చాలా అంకెలు కంపెనీ మొత్తానికి కలిపి ఇస్తారు. మీ ఊరి ప్లాంట్ ఒక్కటే ఎంత నీరు వాడిందో అందులో దొరక్కపోవచ్చు. "నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాలు" అనే ప్రశ్న కింద మాత్రం ప్లాంట్ల వారీగా అడుగుతారు. కానీ అది స్వచ్ఛందంగా నింపే భాగం. అక్కడ ఖాళీ కనిపిస్తే ఏటా జరిగే షేర్‌హోల్డర్ల సమావేశంలో (ఏజీఎమ్) అడగండి, ఒక్క షేరున్నా అడగొచ్చు.

20-ఎఫ్ కోసం ఎస్‌ఈసీ వాళ్ల ఎడ్గార్ సైట్‌లో "ఆర్‌డీవై" అని ఇంగ్లిష్‌లో కొట్టండి, డబ్బులేం అడగరు. బీఆర్‌ఎస్‌ఆర్ బీఎస్‌ఈ సైట్‌లో, కంపెనీ యాన్యువల్ రిపోర్ట్‌లో దొరుకుతుంది. అందులో నేరుగా సెక్షన్ సి, ఆరో సూత్రానికి వెళ్లండి. పర్యావరణం అంతా అక్కడే ఉంది.