అయిదు స్పీకర్లూ మోగినంత మాత్రాన సరౌండ్ వచ్చినట్టు కాదు

(స్క్రీన్ మీద: రిసీవర్ డిస్‌ప్లే, బాగా దగ్గరగా)

ముందు ఈ డిస్‌ప్లే చూడండి. ఇది రిసీవర్‌ది, అంటే ప్లేయర్ నుంచి శబ్దం తీసుకుని స్పీకర్లకి పంచే పెట్టెది. డిస్క్ పెట్టాం, సినిమా మొదలైంది. ముందున్నవీ వెనకున్నవీ అయిదు స్పీకర్లూ మోగుతున్నాయి, సబ్‌వూఫర్ కూడా గుమ్మంటోంది. కానీ డిస్‌ప్లే మీద ఏం రాసుంది? 'పీసీఎం'. దాని పక్కన 'ఆల్ ఛానెల్ స్టీరియో'. అంటే డిస్క్‌లో ఆరు ఛానెళ్ల శబ్దం ఉన్నా రిసీవర్ దాకా వచ్చింది రెండు ఛానెళ్లే. ఆ రెండింటినే అది అన్ని స్పీకర్లకీ పంచిపెడుతోంది.

"అన్నీ మోగుతున్నాయి కదా, కనెక్షన్ కరెక్టే" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు నిజంగా బాధనిపించేది ఇదే. స్పీకర్లు కొని, గోడల వెంట వైర్లు లాగి, అంత శ్రమపడి, చివరికి వెనక స్పీకర్లో కూడా ముందు స్పీకర్లో వచ్చే మాటలే వింటుంటారు. ఆ సినిమాకి సౌండ్ మిక్స్ చేసినవాళ్లు హెలికాప్టర్‌ని మన వెనక కుడి మూల నుంచి తల మీదుగా ముందు ఎడమకి తీసుకెళ్లి ఉంటారు. మనకేమో అది అన్ని వైపులా ఒకేసారి వినబడి, ఎటూ కదలకుండా పోతుంది.

స్పీకర్ వైర్లలో ఏది ప్లస్, ఏది మైనస్ అనేది మీకు తెలిసిందే, దాంట్లోకి పోను. డిస్క్ ప్లేయర్ నుంచి రిసీవర్‌కి శబ్దం ఎలా చేరుతుందో చూద్దాం. తేడా వచ్చేది అక్కడే.

డిస్క్ మీద ఉన్న శబ్దాన్ని సీలు వేసిన పార్సిల్ అనుకోండి. లోపల ఆరు వస్తువులున్నాయి: ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక ఎడమ, వెనక కుడి, ఆరోది సబ్‌వూఫర్‌ది. వీటిని మడతపెట్టి, చిన్నగా కుదించి సీలు వేశారు. డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే పేర్లు ఆ ప్యాకింగ్ పద్ధతులవే. దాన్ని విప్పాల్సింది రిసీవర్. ఎందుకంటే మీ గదిలో ఏ స్పీకర్ ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో సెటప్‌లో మీరు చెప్పింది రిసీవర్‌కే. కాబట్టి మనం చూసుకోవాల్సింది ఒక్కటే: దారిలో ఎవరూ ఏమీ తీసెయ్యకుండా పార్సిల్ రిసీవర్‌కి చేరాలి.

ప్లేయర్ మెనూలో కనబడే 'బిట్‌స్ట్రీమ్' అంటే పార్సిల్‌ని సీలుతోనే పంపడం. 'పీసీఎం' అంటే ప్లేయరే విప్పేసి లోపలి వస్తువులను విడివిడిగా పంపడం. ఇప్పుడు దారులు చూద్దాం.

(స్క్రీన్ మీద: ప్లేయర్ వెనక భాగం)

ఎరుపు, తెలుపు పిన్నులు. వీటిలోంచి రెండు ఛానెళ్లే వెళ్తాయి, అదీ అనలాగ్‌గా. సరౌండ్ కావాలంటే వీటిని వదిలెయ్యండి.

తర్వాతది ఆప్టికల్, అంటే శబ్దాన్ని వెలుగుగా మార్చి పంపే కేబుల్. దీన్ని తోషిబా 1983లో సీడీ ప్లేయర్ల కోసం తెచ్చింది. సీడీలో ఉండేది రెండు ఛానెళ్లు కాబట్టి ఈ దారి కూడా ఆ వెడల్పుకే కట్టింది. లెక్క చూడండి. రెండు ఛానెళ్ల పీసీఎం, 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ అయితే సెకనుకి 1536 కిలోబిట్లు. అదే ఆరు ఛానెళ్లయితే 4608. ఈ గుమ్మంలో అది పట్టదు. మరి డీవీడీలోని 5.1, అంటే అయిదు స్పీకర్లకీ సబ్‌వూఫర్‌కీ కలిపి ఆ ఆరు ఛానెళ్లు, దీంట్లోంచి ఎలా వెళ్తోంది? డీవీడీ మీద డాల్బీ డిజిటల్ పార్సిల్ సైజు ఎక్కువలో ఎక్కువ సెకనుకి 448 కిలోబిట్లు. సీలుతో ఉంటే హాయిగా దూరిపోతుంది. అదే పార్సిల్‌ని ప్లేయర్ ముందే విప్పేసిందనుకోండి, గుమ్మంలోంచి రెండే వస్తువులు పడతాయి. అందుకే మిగతావాటిని ఆ రెండింట్లోకే కలిపేసి పంపిస్తుంది. ఆప్టికల్ వాడుతూ ప్లేయర్‌ని పీసీఎంలో పెడితే జరిగేది ఇదే. కేబుల్ మార్చక్కర్లేదు, మెనూలో ఒక్క సెట్టింగ్ మారిస్తే ఆరు ఛానెళ్లూ వచ్చేస్తాయి. ఒకే పిన్ను ఉండే డిజిటల్ కేబుల్, కోయాక్సియల్‌ది కూడా అచ్చంగా ఇదే కథ.

(స్క్రీన్ మీద: ఆప్టికల్ ప్లగ్, దగ్గరగా)

కొత్త ఆప్టికల్ కేబుల్ కొనకి ఇలా బుల్లి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. పారదర్శకంగా ఉంటే కంటికి ఆనదు. అది తియ్యకుండా గుచ్చితే లోపలికి పోదు, బలవంతం చేస్తే సాకెట్ పాడవుతుంది. టోపీ తీసి ఒక కొన ప్లేయర్‌కి పెట్టి ఆన్ చేయండి. రెండో కొనని అరచేతికి దగ్గరగా పెడితే ఎర్రటి చుక్క పడుతుంది. కేబుల్లో వెళ్తున్న శబ్దమంతా ఆ వెలుగులోనే ఉంది! నాకు ఇది చూడడం ఎప్పటికీ విసుగు రాదు. చుక్క కనబడకపోతే కేబుల్ విరిగి ఉండొచ్చు, లేదా మెనూలో డిజిటల్ అవుట్ ఆఫ్‌లో ఉండొచ్చు.

ఇక హెచ్‌డీఎంఐ. ఇది పెద్ద గుమ్మం. 2002లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఎనిమిది ఛానెళ్ల పీసీఎం పడుతుంది. బ్లూ-రేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో పార్సిళ్లు సీలుతో వెళ్లడం 2006లో వచ్చిన 1.3 వెర్షన్‌తో మొదలైంది. వీటిలో అసలు రికార్డింగ్‌లోంచి ఏదీ తీసెయ్యరు కాబట్టి సైజు పెద్దది, ఆప్టికల్లో పట్టవు. మీ రెండు పెట్టెలకీ హెచ్‌డీఎంఐ ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, అదే వాడండి.

అయితే హెచ్‌డీఎంఐ వాడుతూ కూడా దెబ్బతినే చోటు ఒకటుంది. టీవీ. చాలా ఇళ్లలో ప్లేయర్‌ని టీవీకి కలిపి, టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి రిసీవర్‌కి ఇంకో కేబుల్ లాగుతారు. పార్సిల్‌ని పక్కింట్లో ఇచ్చినట్టన్నమాట. పక్కింటివాళ్లు దాన్ని విప్పి, తమకు పనికొచ్చే రెండు వస్తువులు చూసుకుని, ఆ రెండే మనకి పంపుతారు. టీవీకి ఉన్నవి రెండు స్పీకర్లే కదా! డాల్బీని అలాగే ముందుకి పంపే టీవీలూ ఉన్నాయి, కానీ ఆ అదృష్టం మీద ఎందుకు ఆధారపడాలి? ప్లేయర్ హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి రిసీవర్ హెచ్‌డీఎంఐ ఇన్‌కి ఒక కేబుల్. రిసీవర్ హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి టీవీకి ఇంకొకటి. బొమ్మ టీవీకి వెళ్తుంది, శబ్దం రిసీవర్‌లోనే ఆగుతుంది.

టీవీకి పెట్టే కేబుల్‌ని 'ఏఆర్‌సీ' అని రాసున్న సాకెట్‌కే పెట్టండి. టీవీలోని యాప్‌ల శబ్దం వెనక్కి వచ్చేది దాంట్లోంచే. 2009లో వచ్చిన ఏఆర్‌సీలో ట్రూహెచ్‌డీ పట్టదు. 2017 నాటి 2.1 వెర్షన్‌తో వచ్చిన ఈఏఆర్‌సీలో పడుతుంది.

రిసీవర్ పాతదై 4కే బొమ్మని దాటించలేకపోతే? కొన్ని 4కే ప్లేయర్లకి రెండు హెచ్‌డీఎంఐ అవుట్లు ఉంటాయి. ఒకటి టీవీకి, 'ఆడియో' అని రాసున్న రెండోది రిసీవర్‌కి. ఒకటే ఉంటే అది టీవీకిచ్చి, ప్లేయర్ నుంచే నేరుగా రిసీవర్‌కి ఆప్టికల్ లాగండి.

(స్క్రీన్ మీద: ప్లేయర్ ఆడియో మెనూ)

డిజిటల్ అవుట్‌ని బిట్‌స్ట్రీమ్‌లో పెట్టండి. దాని కింద 'సెకండరీ ఆడియో' లేదా 'బీడీ ఆడియో మిక్స్' అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. ఎవరూ పట్టించుకోని సెట్టింగ్ ఇది. ఆన్‌లో ఉంటే, మెనూ క్లిక్‌ల చప్పుడూ వ్యాఖ్యానమూ కలపడం కోసం ప్లేయర్ పార్సిల్‌ని విప్పి, వాటిని కూడా పెట్టి, మళ్లీ తనకు తెలిసిన మామూలు డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ ప్యాకింగ్ చేసి పంపుతుంది. డాల్బీ అట్మాస్ డిస్క్, అంటే పైనుంచి కూడా శబ్దం వినబడేలా చేసింది అయితే నష్టం ఇంకా పెద్దది. ఏ శబ్దం గదిలో ఏ చోట, ఎంత ఎత్తులో ఉండాలో రాసిన చీటీ ఆ పార్సిల్‌లోనే ఉంటుంది. దారిలో విప్పితే చీటీ పోతుంది.

అలాగని పీసీఎం అంటే చెడ్డదేమీ కాదు. హెచ్‌డీఎంఐలో 'మల్టీ ఛానెల్ పీసీఎం' అని కనబడితే ఆరు వస్తువులూ క్షేమంగా వచ్చినట్టే, అట్మాస్ చీటీ ఒక్కటే రాదు. వట్టి 'పీసీఎం' అనో, '2.0' అనో ఉంటే అప్పుడు అనుమానించండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. డిస్క్ మెనూలో కూడా 5.1 ట్రాక్ ఎంచుకున్నారో లేదో చూసుకోండి, కొన్ని డిస్కుల్లో మొదట స్టీరియోనే ఉంటుంది. రిసీవర్‌లో ఆల్ ఛానెల్ స్టీరియో తీసేసి ఆటో సరౌండ్ పెట్టండి. డిస్‌ప్లే అంచున ఎల్, సీ, ఆర్, ఎస్ఎల్, ఎస్ఆర్, ఎల్ఎఫ్ఈ అని చిన్న అక్షరాలుంటే, వచ్చిన ఛానెళ్లు అవే; ఎల్ఎఫ్ఈ అంటే సబ్‌వూఫర్‌ది. చిన్న స్పీకర్లయితే సెటప్‌లో 'స్మాల్' పెట్టి, క్రాసోవర్‌ని, అంటే ఏ హద్దు కిందున్న శబ్దాలు సబ్‌వూఫర్‌కి వెళ్లాలో దాన్ని, 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే పెద్ద శబ్దాలు అణిగిపోతాయి, పగలు తీసెయ్యండి. టీవీ స్పీకర్లు ఆపండి. పెదాలకంటే మాట ముందు వస్తుంటే రిసీవర్‌లో 'లిప్ సింక్' దగ్గర కొద్దికొద్దిగా ఆలస్యం పెంచుతూ వెళ్లండి, రెండూ కలిసిన చోట వదిలెయ్యండి.