పాత చాకు ఎవరు చేశారో, ఎక్కడిదో కనుక్కోవడం ఎలా

నమస్తే, చిత్తూరు నుంచి మాట్లాడుతున్నా. ఇదిగో, ఈ మడత చాకు మా జేజినాయనది. మామిడికాయ కొయ్యాలన్నా, చెరుకు చెక్కు తియ్యాలన్నా ఆయన జేబులోంచి ఇదే బయటికొచ్చేదని మా పెద్దత్త చెప్తుంది. మొన్న ట్రంకుపెట్టె అడుగున పాత దస్తావేజుల కింద దొరికింది. దీన్ని ఎవరు చేశారు, ఏ ఊళ్ళో, ఎప్పుడు, ఇవన్నీ మీ కళ్ళ ముందే చూద్దాం, మీ ఇంట్లో ఉన్నదానికీ ఇదే పద్ధతి.

ముందుగా ఒక్కటి, దయచేసి దాన్ని తోమకండి. ఇంతకుముందు నాకు ఇంకో చాకు దొరికితే తుప్పు చూసి ఆగలేక చింతపండు పూసి, సాండ్‌పేపర్‌తో అరగంట రుద్దాను. తళతళలాడింది. కానీ మొదట్లో లీలగా కనిపించిన నాలుగు అక్షరాలు లేవు, దాన్ని ఎవరు చేశారో ఇక తెలిసే దారి లేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇత్తడి చెంబుకు చింతపండు సరే, ఇనుము మీద ఆ పులుపు తుప్పుతో పాటు అక్షరాల అంచుల్ని కూడా తినేస్తుంది. అందుకే రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మెత్తటి నూలుగుడ్డతో అద్దండి, అంతే.

ఇప్పుడు బ్లేడు తెరిచి మొదలు చూడండి. పదును మొదలవడానికి ముందు, పిడికి ఆనుకుని వేలిగోరంత చదును జాగా ఉంటుంది. ముద్ర సాధారణంగా అక్కడే కొడతారు. గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ టార్చిని ఇలా పక్కనుంచి, బ్లేడు మీద వాలినట్టు పట్టుకోండి, ఎదురుగా కొడితే ఏమీ తెలీదు, పక్కనుంచి కొడితే గుంటల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. అప్పటికీ చదవలేకపోతే, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, అదే చెయ్యండి. పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్, తేలిగ్గా.

మా చాకు మీద వచ్చింది ఇది. ఒక నక్షత్రం, పక్కన నాలుగు చేతులూ చివరికి వెడల్పయ్యే శిలువ, కింద జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్. ఇంగ్లండులో కత్తులకు పేరుపడ్డ షెఫీల్డ్ ఊరి కంపెనీ. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే ఆ నక్షత్రం, శిలువ గుర్తు 1682 నాటిది, అది తెలియగానే చాకు కూడా అప్పటిదే అనుకుంటారు. గుర్తు పాతదైతే వస్తువు పాతది అవ్వదు, వందల ఏళ్ళు అదే గుర్తు కొట్టారు.

మరి ఏడాది ఎలా? కిరీటం అటూ ఇటూ జీ, ఆర్ అని రెండు అక్షరాలున్నాయి చూడండి. మొదటి అక్షరం అప్పుడు రాజ్యమేలుతున్న రాజుగారి లేదా రాణిగారి పేరులోది, ఆర్ అంటే లాటిన్‌లో రాజు లేదా రాణి అనే మాటకు గుర్తు. వీ, ఆర్ అయితే విక్టోరియా, 1837 నుంచి 1901 దాకా. ఈ, ఆర్ అయితే ఆ తర్వాత 1910 వరకు ఎడ్వర్డ్. జీ అంటే జార్జి, కానీ నాలుగో జార్జి 1820 నుంచి 1830 వరకు ఉన్నాడు, ఐదో జార్జి 1910లో, ఆరో జార్జి 1936లో వచ్చారు. వీళ్ళలో ఎవరు? నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు. జవాబు కింద ఉన్న చిన్న మాటలో దొరికింది, ఇంగ్లండ్ అని. 1890లో అమెరికా తెచ్చిన సుంకాల చట్టం దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలంది, అప్పట్నుంచే దేశం పేరు కొట్టడం మామూలైంది. కాబట్టి ఇది నాలుగో జార్జి కాలంది కాదు, 1910 తర్వాతది.

స్టెయిన్‌లెస్ అని ఉంటే ఇంకా తేలిక, ఆ ఉక్కు షెఫీల్డ్‌లోనే 1913లో పుట్టింది, అంతకుముందుది అయ్యే అవకాశమే లేదు. కానీ ఆ మాట లేనంత మాత్రాన 1913కు ముందుదని చెప్పకండి, మామూలు ఉక్కు చాకులు ఆ తర్వాతా చేశారు. పేరు కూడా అక్షరం అక్షరం చూడండి. రోడ్జర్స్‌లో డీ అక్షరం ఉండాలి, పేరున్న కంపెనీలకు నకళ్ళు ఎక్కువ.

పిడి ఎముకైతే సన్నటి నల్ల చుక్కలు కనపడతాయి. ఎముకో ప్లాస్టికో తేల్చడానికి సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే వినకండి, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గుమంటుంది. ఏనుగు దంతం అయితే అమ్మడం, కొనడం నేరం.

ముద్రే లేకపోతే? మన కమ్మరి కొలిమిలో చేసినవాటి మీద చాలావరకు పేరుండదు, అక్కడ ఆకారమే చెప్పాలి. వెడల్పు బ్లేడు, ఒరకు వెండి గొలుసు, గొలుసుకు చెవిపుల్ల లాంటి చిన్న పనిముట్లు ఉంటే కర్ణాటకలోని కొడగు వైపు వాళ్ళు పెట్టుకునే పిచంగత్తి అనే కత్తి అయ్యుండొచ్చు. మనకు ఆ రాష్ట్రం పక్కనే కదా, పెళ్ళిళ్ళతో, సంతలతో వస్తువులు అటూ ఇటూ తిరిగాయి.

నూరేళ్ళు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు, ఎంత ధర చెప్పినా సరే.

చూడటం అయ్యాక పల్చగా నూనె రాసి నూలుగుడ్డలో చుట్టండి, తోలు ఒరలో మాత్రం దాచకండి, తోలు తేమ పట్టి మళ్ళీ తుప్పు తెస్తుంది. మీ పెన్సిల్ ముద్ర ఫోటో కింద పెట్టండి, పక్కన స్కేలు ఉంచండి, ఇంట్లో పెద్దవాళ్ళు దాని గురించి చెప్పింది కూడా రాయండి. ఒక్కొక్కటీ నేను చూస్తా.