ఉచిత వెబ్‌సైట్‌తో ఒళ్లు కదులుతుందా?

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నారా? అడగండి.

శ్రోత: నమస్కారం మేడమ్. నాకు యాభై దాటాయి, కూర్చుని చేసే ఉద్యోగం. వ్యాయామం గురించి ఉచితంగా చెప్పే వెబ్‌సైట్లు రోజూ చూస్తాను. కానీ లేచి నడిచింది లేదు. డబ్బు కట్టి చేరితేనే ఫలితం ఉంటుందా?

నిపుణురాలు: డబ్బుతో పని లేదండీ. ఆ వెబ్‌సైట్ మిమ్మల్ని ఏమైనా అడుగుతుందా?

శ్రోత: అడగడమంటే?

నిపుణురాలు: ఈ వారం ఎంతసేపు నడిచారు, వచ్చే వారం ఎంత అనుకుంటున్నారు... ఇలాంటివి.

శ్రోత: లేదండీ. చదువుకోవడానికి సమాచారం, వీడియోలు, అంతే.

నిపుణురాలు: నడక మంచిదని తెలియక ఆగిపోయారా మీరు? కాదు కదా! లక్ష్యం పెట్టించి, చేసింది రాయించి, దాన్నిబట్టి సలహా మార్చే వెబ్‌సైట్లు కొంత పనిచేస్తాయి. అక్కడ కూడా వచ్చే మార్పు చిన్నదే, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కొన్ని వారాలు గడిచాక చాలామంది అసలు వాటిని తెరవరు. గుర్తు చేస్తూ మెసేజ్ పంపేది దొరికితే మంచిది.

వ్యాఖ్యాత: రోజుకు పది వేల అడుగులు అని చాలాచోట్ల రాస్తుంటారు...

నిపుణురాలు: ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఓ పరికరం అమ్మకాలతో ప్రచారంలోకి వచ్చింది. వైద్యులు తేల్చిన లెక్కేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని. ఒక్కో విడత పది నిమిషాలకు తగ్గకూడదన్న పాత నియమాన్ని కూడా అప్పుడే తీసేశారు. ఏ వెబ్‌సైట్‌లోనైనా ఇంకా ఆ నియమం కనిపిస్తోందంటే ఆ పేజీని చాలాకాలంగా ఎవరూ సరిచూడలేదన్నమాట.

శ్రోత: ఓ మోస్తరు అంటే ఎలా తెలుస్తుంది మేడమ్?

నిపుణురాలు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

శ్రోత: (నవ్వుతూ) నేను కూర్చున్నా పాడలేను! ఇంకోటండీ, నాకు మోకాళ్ల నొప్పి ఉంది.

నిపుణురాలు: ముందే చెప్పాల్సిందండీ! మొదలుపెట్టే ముందు గుండె జబ్బు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కీళ్ల బాధలున్నాయా అని అడగకుండా నేరుగా గెంతించే వెబ్‌సైట్ జోలికి వెళ్లకండి. మీరు ఒకసారి డాక్టర్‌కు మోకాళ్లు చూపించుకోండి. నడవొచ్చంటే రోజూ ఒకే వేళకు, భోజనమయ్యాక ఐదు నిమిషాలు చాలు. సైట్లో నమోదు చేస్తారో క్యాలెండర్ మీద గీత పెడతారో మీ ఇష్టం. 150 నిమిషాల సంగతి తర్వాత చూద్దాం.

శ్రోత: వీడియోలు మానేయమంటారా?

నిపుణురాలు: చూడండి, నడిచొచ్చాక.

వ్యాఖ్యాత: మరో కాల్ ఉంది. హలో, చెప్పండమ్మా.